సముద్రపు ఇనుము కొరతను పట్టుకున్న జాన్ మార్టిన్

దక్షిణ మహాసముద్రం, ఉత్తర పసిఫిక్, భూమధ్యరేఖ వద్ద పసిఫిక్ జలాల్లో నైట్రేట్, ఫాస్ఫేట్ పోషకాలు పుష్కలం. అయినా అక్కడ వృక్షప్లవకాలు పలుచగానే ఉంటాయి. కంటికి ఆనని ఈ జీవులే సముద్ర ఆహారవలయానికి పునాది. అవి పెరిగితేనే వాటిని మేసే జంతుప్లవకాలకూ, ఆపై చేపలకూ మనుగడ. దశాబ్దాలుగా తేలని ఈ చిక్కుముడిని విప్పిన ఘనత అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్‌ది.

ఆయన 1935లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఓల్డ్ లైమ్‌లో జన్మించారు. కళాశాలలో చదువుతుండగా పోలియో సోకడంతో నడకకు జీవితాంతం ఊతం అవసరమైంది. అయినా సముద్ర పరిశోధననే ఎంచుకున్నారు. 1972లో కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ సముద్ర ప్రయోగశాలలో చేరి, తరువాత దానికి సంచాలకులయ్యారు. 1989 నాటి భూకంపంలో ఆ భవనం ధ్వంసమైనా సంస్థ పని ఆగలేదు.

ఇనుము కొరతే కారణమన్న ఊహ 1930లలోనే ఉంది. రుజువు చేయడమే కష్టమైంది. ఓడ ఇనుము, తీగ ఇనుము, గాలిలో ధూళిలోనూ ఇనుమే. నమూనా నీటిలో అది కలిసి కొలతలు తప్పేవి. మార్టిన్ బృందం పాత్రలను, పరికరాలను అత్యంత శుభ్రంగా ఉంచి కొలవగా, ఆ జలాల ఉపరితలంలో లీటరుకు కొన్ని నానోగ్రాముల ఇనుమే ఉన్నట్లు తేలింది. ఆ నీటిని సీసాల్లో పట్టి కాస్త ఇనుము కలపగా వృక్షప్లవకాలు ఏపుగా పెరిగాయి. ఎడారుల నుంచి గాలి మోసుకొచ్చే ధూళే నడిసంద్రానికి ఇనుము అందిస్తుంది. మంచుయుగాల్లో ఆ ధూళి అధికమై, ప్లవకాలు పెరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఉండవచ్చని 1990లో ఆయన ప్రతిపాదించారు.

సీసాలో జరిగింది సముద్రంలో జరగదని, ప్లవకాలను అదుపులో ఉంచేది వాటిని మేసే జీవులేనని విమర్శకులు వాదించారు. సముద్రంలోనే పరీక్షిద్దామని మార్టిన్ సంకల్పించారు. అయితే 1993 జూన్‌లో క్యాన్సర్ ఆయనను బలిగొంది. అదే ఏడాది అక్టోబరులో సహచరులు గాలపాగోస్ దీవుల సమీపాన సుమారు 64 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లగా, వృక్షప్లవకాల రాశి రెట్టింపైంది.

భూతాపానికి ఇదే మందు కాగలదా అన్న ప్రశ్న అక్కడి నుంచి బలపడింది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో లోహాఫెక్స్ ప్రయోగం జరిపారు. ప్లవకాలు పెరిగాయి. కానీ సిలికా కొరత వల్ల డయాటమ్‌లు పుంజుకోలేదు. పెరిగినవాటిని కోపెపాడ్ అనే చిన్న జీవులు, వాటిని యాంఫిపాడ్‌లు మేశాయి. లోతుకు చేరిన కార్బన్ స్వల్పమే.

మార్టిన్ చూపిన లోటు నిజమే. అయితే దాన్ని పూరించినంత మాత్రాన ఫలితం మనిషి కోరినట్లే ఉండదు. మరో పోషకం లోటు, మేసే నోళ్ల లెక్క కూడా దాన్ని నిర్ణయిస్తాయి.