డిచ్‌పల్లి దవాఖానా డాక్టరమ్మ: ఇసబెల్ కెర్

నిజామాబాద్ నుండి హైదరాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి ఉంది. మన జిల్లాకు నిజాంసాగర్ నీళ్లు రాకముందే, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నిలవకముందే, 1915లో అక్కడ కుష్ఠు రోగుల కోసం ఒక దవాఖానా వెలిసింది. దానిని స్థాపించి నడిపిన వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్. ఆమె క్రైస్తవ మిషనరీ, స్కాట్లాండ్ దేశస్థురాలు. అయినా ఆమె జీవితం ఈ గడ్డకు చెందినదే.

కుష్ఠును మన పల్లెల్లో పేరు పెట్టి పిలవడానికి కూడా జంకి పెద్దరోగం అంటారు. ఉర్దూలో జుజామ్ అంటారు. పూర్వజన్మ పాపమనీ, దైవశాపమనీ, వంశపారంపర్యమనీ లోకం నమ్మింది. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే దీనికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నా, ఆ మాట సామాన్యుల ఇళ్ల దాకా రాలేదు. రోగం బయటపడితే ఇంటివారే వాకిలి మూసేవారు. అప్పుడు ఆ మనిషికి మిగిలేది భిక్షాపాత్ర ఒక్కటే.

ఇటువంటి రోగుల బాధ్యత పాలకులదేనన్న ఆలోచన ఇస్లామీ చరిత్రలో కొత్తది కాదు. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ హిజ్రీ 88 (క్రీ.శ. 707) ప్రాంతంలో దమాస్కస్‌లో కుష్ఠు రోగులకు భృతి ఏర్పాటు చేసి, వారు బిచ్చమెత్తే అవసరం లేకుండా చేశారని చరిత్రకారులు రాశారు. అయితే అన్నం పెట్టడం వేరు, నయం చేసి ఇంటికి పంపడం వేరు. ఈ రెండో పనికి మన జిల్లాలో నాంది పలికినవారు ఇసబెల్.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో జన్మించారు. ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో అబర్డీన్ విశ్వవిద్యాలయం నుండి 1903లో వైద్య పట్టా పొందారు. వెస్లియన్ మెథడిస్ట్ మిషన్‌కు చెందిన రెవరెండ్ జార్జ్ కెర్‌ను వివాహమాడారు. ఆయన పూర్వం వడ్రంగి పని చేసినవారు. దంపతులిద్దరూ 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు.

నిజామాబాద్‌లో పనిచేస్తుండగా కుష్ఠు రోగులకు ఎక్కడా నీడ లేదని ఆమె గ్రహించారు. 1911లో పట్టణంలోనే వారికి ఒక చిన్న ఏర్పాటు చేశారు. రోగుల సంఖ్య పెరిగింది. కానీ అంతమంది కుష్ఠు రోగులు ఇళ్ల దగ్గర ఉండడం చుట్టుపక్కల వారికి నచ్చలేదు. పట్టణం బయట విశాలమైన స్థలం, ప్రత్యేకమైన దవాఖానా కావలసి వచ్చింది.

అప్పుడు ముందుకు వచ్చిన దాత నిజామాబాద్‌కు చెందిన నర్సాగౌడ్. ఆయన హిందువు. పెద్ద మొత్తం విరాళంగా ఇచ్చారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం కూడా చేయూతనిచ్చింది. క్రైస్తవ డాక్టరమ్మ, హిందూ దాత, ముస్లిం పాలకుడు. ఈ ముగ్గురి సహకారంతో డిచ్‌పల్లి దవాఖానా నిలబడింది. సేవకు మతం అడ్డు కాదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఆ కాలంలో కుష్ఠు ఆశ్రమాలంటే రోగిని లోకానికి దూరంగా ఉంచే చోట్లు. లోపలికి వెళ్లినవారు తిరిగి రావడం అరుదు. 1898 నాటి కుష్ఠు చట్టం కూడా బిచ్చమెత్తే రోగిని పట్టి ఆశ్రమంలో ఉంచమనే చెప్పింది. ఇసబెల్ తెచ్చిన సంస్కరణ ఇక్కడే ఉంది. ఆమె డిచ్‌పల్లిని చికిత్స చేసే చోటుగా తీర్చిదిద్దారు.

అందుకు మందు కావాలి. తువరక జాతి గింజల నూనెను మన వైద్యులు అనాదిగా వాడేవారు. కానీ అది తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది. చాలామంది మధ్యలోనే మానేసేవారు. కలకత్తాలో సర్ లియోనార్డ్ రోజర్స్, ఆ తర్వాత డాక్టర్ మ్యూర్ ఆ నూనె మందును సూది ద్వారా ఇచ్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టారు. సూది నొప్పి కలిగించేది. నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు ఓపిక పట్టాలి. ముదిరిన రోగానికి గుణం తక్కువ, తొలిదశలో వచ్చినవారికి మేలు ఎక్కువ. కనుక రోగాన్ని దాచకుండా తొందరగా రావాలన్న మాట ఊళ్లకు చేరడం దవాఖానాకు పడకలతో సమానమైన అవసరం అయింది.

ఈ సేవకు గుర్తింపుగా 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె కన్నుమూశారు. దవాఖానా ఆగలేదు. అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లోవ్ తర్వాత ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లి, 1940ల చివర డాప్సోన్ మందును మాత్రలుగా ఇవ్వవచ్చని నిరూపించినవారిలో ఒకరయ్యారు. డిచ్‌పల్లిలో నేర్చిన విద్య ఖండాలు దాటి ఉపయోగపడింది.

1980ల నుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఆరు నెలలు లేక పన్నెండు నెలలు మందు మింగితే రోగం నయమవుతుంది. ప్రభుత్వ దవాఖానాల్లో ఇది ఉచితం. చట్టమూ మారింది. 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో పార్లమెంటు తొలగించింది. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలో ఉన్న ఆ మాట కూడా అప్పుడే పోయింది.

అయినా మన దేశంలో ఏటా సుమారు లక్ష కొత్త రోగులు బయటపడుతున్నారు. ఒంటిపై పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ ఉండి, దానిపై స్పర్శ తెలియకపోతే వెంటనే చూపించుకోవాలి. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని చేతులు మొద్దుబారతాయి. చెరకు కొట్టే కూలికి కత్తి తెగినా తెలియదు. పొయ్యి దగ్గర తల్లికి వేలు కాలినా తెలియదు. అంగవైకల్యం వచ్చేది చాలావరకు ఇలా తెలియకుండా అయిన గాయాల వల్లే.

మందు దొరకని కాలంలో ఇసబెల్ రోగికి ఆశ కల్పించారు. మందు చేతిలో ఉన్న ఈ కాలంలో సిగ్గుతో దాచడం, నయమై వచ్చినవానికి దస్తర్‌ఖాన్ దగ్గర చోటివ్వకపోవడం మనకు తగునా? దవాఖానా రోగాన్ని నయం చేయగలదు. మనిషిని తిరిగి ఇంట్లో కూర్చోబెట్టుకోవలసింది ఇంటివారే.