మెటియాబ్రుజ్‌లో సురేంద్రనాథుని జాడ

ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని విషయమని కేంద్రం గుర్తుచేయడం, నిధులు చాలడం లేదని రాష్ట్రాలు వాపోవడం ఢిల్లీలో ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాను. ఆ వాదోపవాదాలతో విసిగి, పోయినసారి కోల్‌కతా వెళ్ళినప్పుడు హుగ్లీ ఒడ్డునున్న మెటియాబ్రుజ్ దాకా పోయాను. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో వచ్చి స్థిరపడిన పేట అది. 1887లో ఆయన కన్నుమూయగానే దర్బారు చెదిరిపోయింది. దర్జీలు మాత్రం మిగిలారు. ఇవాళ ఆ ఇరుకు సందుల్లో ఎటు విన్నా కుట్టుమిషన్ల చప్పుడే. ఆ చప్పుడు నడుమ నగరపాలక సంస్థవారి వార్డు ఆరోగ్యకేంద్రం ముందు, పసిబిడ్డలకు టీకాలు వేయించడానికి తల్లులు బారులు తీరి ఉన్నారు. ఆ బారు చూస్తుంటే నాకు నవాబు కాదు, సురేంద్రనాథ్ బెనర్జీ గుర్తుకు వచ్చారు.

వందేమాతరం ఉద్యమ నాయకుడిగా ఆయన పేరు ఎరగని తెలుగువారు తక్కువ. మునిసిపాలిటీ మనిషిగా ఆయనను ఎరిగినవారు ఇంకా తక్కువ. 1848లో కలకత్తాలో పుట్టారు. తండ్రి దుర్గాచరణ్ వైద్యుడు. 1869లో ఐ.సి.ఎస్. పరీక్ష నెగ్గినా వయస్సు విషయమై పేచీ పెట్టారు. అది తీరి సిల్హెట్‌లో ఉద్యోగంలో చేరితే, చిన్న పొరపాటును పెద్దది చేసి 1874లో తొలగించారు. ఆపైన అధ్యాపకత్వం, 1876లో ఇండియన్ అసోసియేషన్ స్థాపన, బెంగాలీ పత్రిక సంపాదకత్వం, 1883లో కోర్టుధిక్కార నేరంపై రెండు నెలల జైలు, 1895లోనూ 1902లోనూ కాంగ్రెసు అధ్యక్షత - ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

పాఠ్యపుస్తకాలు దాటవేసేది ఆయన కలకత్తా మునిసిపాలిటీలో గడిపిన ఇరవై మూడేళ్ళు. మురుగు కాల్వలు, మంచినీరు, బస్తీల దుస్థితి - ఇవీ అక్కడి చర్చలు. నగరం రోతగా ఉందన్న మాట నిజం. ఆ రోతకు ఎన్నికైన భారతీయులే కారకులని లెఫ్టినెంట్ గవర్నర్ అలెగ్జాండర్ మెకెంజీ బహిరంగంగానే నిందించాడు. 1898లో ప్లేగు రానే వచ్చింది. 1899 చట్టంతో కర్జన్ ప్రభుత్వం ఎన్నికైన సభ్యుల సంఖ్యను యాభై నుంచి ఇరవై అయిదుకు కుదించింది. పారిశుద్ధ్యం పేరిట ప్రాతినిధ్యానికి కత్తెర వేశారన్నమాట! సురేంద్రనాథ్‌తో సహా ఇరవై ఎనిమిది మంది సభ్యులు రాజీనామా చేసి బయటికి వచ్చారు.

ఆ అవమానాన్ని ఆయన మరచిపోలేదు. 1921లో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడినప్పుడు, గాంధీజీ సహాయనిరాకరణతో దేశం ఉడుకెత్తుతుండగా, బెంగాలులో స్థానిక స్వపరిపాలన, ఆరోగ్య శాఖల మంత్రిపదవి స్వీకరించారు. (స్థానిక స్వపరిపాలన శాఖ అప్పుడే మద్రాసులో మన పానగల్లు రాజా చేతికి వచ్చింది.) సర్ బిరుదు కూడా పుచ్చుకోవడంతో నిన్నటి శిష్యులే ద్రోహి అన్నారు. ఖజానా గవర్నరు పక్షాన, రోగాలు మంత్రి పక్షాన ఉన్న ఆ ఏర్పాటులో ఆరోగ్యమంత్రి చేయగలిగినది స్వల్పమే. బిరుదు విషయంలో నేనూ ఆయనను సమర్థించను. కాని పదవిని ఆయన దేనికి వాడారో చూడాలి గదా!

1923 కలకత్తా మునిసిపల్ చట్టం ఆయన చేతి పని. అత్యధిక సంఖ్యాకులు ఎన్నికైన సభ్యులే ఉండాలనీ, మేయరును వారే ఎన్నుకోవాలనీ, స్త్రీలకూ ఓటు ఉండాలనీ ఆ చట్టం నిర్దేశించింది. ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలను ఆయన మనసొప్పకుండానే అంగీకరించవలసి వచ్చింది. కాశీపూర్, చిత్‌పూర్, మాణిక్‌తలాలతోపాటు మెటియాబ్రుజ్ ఉన్న గార్డెన్‌రీచ్‌ను కూడా నగరంలో కలిపారు. నగరానికి చెమటోడ్చే శివారు పేటకు నగరపు నీరూ వైద్యమూ అందడానికి దారి ఏర్పడింది.

ఆ ఏడాది చివర ఎన్నికలు వచ్చాయి. డెబ్బై అయిదేళ్ళ సురేంద్రనాథ్‌ను బారక్‌పూర్‌లో ఒక యువవైద్యుడు ఓడించాడు. స్వరాజ్య పార్టీ మద్దతుతో నిలిచిన ఆ వైద్యుడే తదనంతర కాలంలో ముఖ్యమంత్రి అయిన బిధాన్ చంద్ర రాయ్. 1924లో కొత్త చట్టం కింద చిత్తరంజన్ దాస్ తొలి మేయరూ, సుభాష్ చంద్ర బోస్ ముఖ్య కార్యనిర్వహణాధికారీ అయ్యారు. ఇల్లు కట్టినవారొకరు, గృహప్రవేశం చేసినవారు మరొకరు. 1925 ఆగస్టు 6న బారక్‌పూర్‌లో సురేంద్రనాథ్ కన్నుమూశారు.

గార్డెన్‌రీచ్ తరువాత నగరం నుంచి విడిపోయి వేరే మునిసిపాలిటీ అయింది. మళ్ళీ 1984లో గాని కలకత్తాలో చేరలేదు. నేను చూసిన ఆరోగ్యకేంద్రంలో జ్వరం వచ్చినవారికి మలేరియా రక్తపరీక్ష ఉచితంగా చేస్తారు, గర్భిణులను పరీక్షిస్తారు. మందు లేకపోతే ఎవరిని అడుగుతారని బారులో ఉన్న ఒక పెద్దావిడను అడిగాను. ఆమె ఢిల్లీ పేరు ఎత్తలేదు, రాష్ట్ర మంత్రి పేరూ ఎత్తలేదు. సందు చివర ఉన్న కౌన్సిలరు ఆఫీసు వైపు వేలు చూపించి, బిడ్డను చంకకెత్తుకుని బారులో ముందుకు జరిగింది.