కార్మికుల జీతాల కోసం మంత్రి పదవి వదిలిన గిరి

బోధన్: శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడక ఏళ్ళు గడిచాయి. నిజాం హయాంలో 1937లో వెలసిన ఈ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రయివేటు వారి పరమైంది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. జీతాల బకాయిల కోసం ధర్నాకు కూర్చున్న కార్మికులను చూసినవారికి, ఇటువంటి జీతాల తగవులోనే కేంద్ర మంత్రి పదవిని వదులుకున్న ఒక తెలుగువాని సంగతి చెప్పాలనిపిస్తుంది. ఆయనే స్వర్గీయ వరాహగిరి వెంకటగిరి. మన పల్లెల్లో పెద్దవారికి రాష్ట్రపతి గిరిగానే గుర్తు.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు ప్లీడరు. కొడుకు కూడా ప్లీడరు చదువుకే 1913లో ఐర్లండు వెళ్ళారు. సరిగ్గా ఆ ఏడే డబ్లిన్ నగరంలో, యూనియన్‌లో చేరినందుకు యజమానులు గేట్లు మూసివేయగా దాదాపు 20 వేల మంది కార్మికులు నెలల తరబడి పని లేక అల్లాడారు. 1916లో అక్కడ తిరుగుబాటు జరిగాక బ్రిటిష్ ప్రభుత్వం గిరిని ఆ దేశం నుంచి పంపివేసింది.

తిరిగి వచ్చిన గిరి రైల్వే కార్మికులలో పనిచేశారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాలకు కోత పెట్టినప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను శాంతియుతంగా సమ్మెకు నడిపించారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు మన కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1937లో మద్రాసులో మంత్రి అయ్యారు.

1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ దక్కింది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వం సవరించి, వారికి రావలసిన దానిలో కోత పెట్టింది. కార్మిక మంత్రిగా ఉంటూ దానికి తలూపలేక గిరి రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం ఈ తగవుపై కమిషన్ వేయక తప్పలేదు.

కోర్టుల చుట్టూ తిరగడం కన్న యజమాని, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన పట్టు. దీనికి గిరి పద్ధతి అని పేరు వచ్చింది గాని ఆనాడు ఎక్కువమంది ఒప్పుకోలేదు. మన జిల్లాలో ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవారికి ఎదురుగా వచ్చేది టేకేదారే గాని యజమాని కాదు. మరి వారు ఎవరితో కూర్చోవాలి? ఈ ప్రశ్నకు గిరి పద్ధతిలో జవాబు దొరకడం కష్టమే.

ఆ తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.