చదువు చెప్పి చదువుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పేదరికం మనిషి చేతులు కట్టివేయగలదు గాని, నేర్చుకోవాలన్న పట్టుదలను కట్టివేయలేదు. ఈ మాటకు నిదర్శనాన్ని దూరదేశాలలో వెదకనక్కరలేదు. మన కన్నడ సీమలో పుట్టి, తెలుగును ఇంటి భాషగా కలిగి, భారతదేశమంతటికీ వన్నె తెచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితమే అందుకు చాలు. దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొనే సెప్టెంబరు 15 ఆయన జన్మదినం.

ఆయన పూర్వుల స్వగ్రామం ఆంధ్రదేశంలో గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం. ఏనాడో వారు మైసూరు సీమకు తరలివచ్చి, చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దేనహళ్లిలో స్థిరపడ్డారు. ఊరు మారినా ఇంటిపేరు మారలేదు. ఇంట పలికే తెలుగూ మారలేదు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. ఆ ఇంట విద్యకు లోటు లేదు గాని ధనానికి మాత్రం ఎప్పుడూ లోటే. విశ్వేశ్వరయ్య చిన్నతనం గడవకముందే తండ్రి మరణించడంతో సంసారభారం తల్లి వెంకటలక్ష్మమ్మగారిపై పడింది. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగిసిన పిమ్మట, మేనమామ ఆదరణతో ఆయన బెంగళూరు చేరారు.

బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చేరిన ఆ యువకునికి జీతం కట్టడం, పుస్తకాలు కొనడం, కడుపు నింపుకోవడం మూడూ సమస్యలే. మేనమామ కూడా సంపన్నుడు కారు. అప్పుడు ఆయన ఎంచుకున్న మార్గం గమనింపదగినది. మైసూరు ప్రభుత్వంలో ఉద్యోగిగా ఉన్న ఒక కొడగు కుటుంబీకుని ఇంట పిల్లలకు పాఠాలు చెప్పేందుకు కుదిరారు. బస అక్కడ, భోజనం మేనమామ ఇంట. ఈ రెండిళ్ల నడుమ, కళాశాలకు, కాలినడకే. పగలు తాను విద్యార్థి. మిగిలిన వేళలలో తానే ఉపాధ్యాయుడు. నేర్చిన విద్యనే పెట్టుబడిగా పెట్టి, మరింత విద్యను సంపాదించుకున్నారు. ఈ విధంగా 1881లో బి.ఏ. పట్టా పొందారు.

ఆ రోజులలో బి.ఏ. పట్టా చేతికి వస్తే సర్కారు కచ్చేరీలో గుమాస్తా ఉద్యోగానికి కొదువ లేదు. తల్లి కష్టాన్ని చూచిన కుమారుడు అక్కడితో ఆగిపోయినా తప్పుపట్టేవారు ఉండరు. కాని ఆయన మనస్సు ఇంజనీరింగుపై ఉన్నది. ఆ విద్య నేర్వడానికి పుణె వెళ్లాలి. దూరదేశం, తెలియని మరాఠీ భాష, చేతిలో పైకము లేదు. ఆయన ప్రతిభను గుర్తించిన మైసూరు ప్రభుత్వం విద్యార్థివేతనం మంజూరు చేయగా, ఆయన పుణె సైన్సు కళాశాలలో చేరారు. అక్కడి తుది పరీక్షలో ప్రథమస్థానం పొందిన వారికి బొంబాయి ప్రభుత్వం ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు ఉండేది. 1883లో ఆ స్థానాన్ని విశ్వేశ్వరయ్య సాధించారు; 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నియమితులయ్యారు. పిల్లలకు పాఠాలు చెప్పి పొట్టపోసుకున్న యువకుడు, ఇరవై అయిదేళ్లు నిండకముందే గౌరవప్రదమైన జీవనోపాధిని స్వశక్తితో సంపాదించుకున్నాడు.

ఉద్యోగం దొరికినంత మాత్రాన విద్యార్థి దశ ముగిసిందని ఆయన ఎన్నడూ భావించలేదు. తొలినాళ్లలోనే ఖాందేశ్ ప్రాంతంలో, ఏటికి అడ్డంగా గొట్టాల ద్వారా నీటిని దాటించే పని ఒకటి ఆయనకు అప్పగించారు. వానలు ముమ్మరమయ్యాయి. వర్షాకాలం గడిచాక పని సాగిద్దామని ఆయన తలపోశారు. పై అధికారికి అది నచ్చలేదు. కొత్త ఉద్యోగి చిన్నబుచ్చుకోకుండా, వానలోనే పని కొనసాగించి పూర్తిచేశారు. పని నేర్పే పాఠాన్ని పుస్తకం నేర్పలేదని గ్రహించడానికి ఆ అనుభవం తోడ్పడి ఉండాలి.

సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి నదీజలం సమీపంలోనే ఉన్నా అది బురదనీరు. దానిని శుద్ధిచేసే తొట్లు కట్టించడానికి పట్టణానికి స్తోమత చాలదు. నది ఇసుకనే వడపోతకు వినియోగించి, అందులోంచి ఊరివచ్చే తేట నీటిని బావిలోనికి చేర్చి, 1895 నాటికి పట్టణానికి అందించారు. పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన తలుపులు మరింత ప్రసిద్ధమైనవి. నీటిమట్టం హద్దు మీరినప్పుడు అవి తమంతట తామే తెరచుకొంటాయి. వరద తగ్గగానే మూసుకొంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీటిని నిలువచేయడానికి 1903లో వాటిని అమర్చారు. ఉద్యోగంలో ఉండగా కల్పించినది గనుక దానిపై ప్రతిఫలం స్వీకరించడానికి ఆయన అంగీకరించలేదు.

1898లో జపాను వెళ్లి, ఆ దేశం చదువును పరిశ్రమలతో జోడించి ఎట్లా పైకి వచ్చిందో స్వయంగా పరిశీలించారు. 1908లో బొంబాయి ఉద్యోగాన్ని స్వచ్ఛందంగా విడిచి, ఐరోపా, అమెరికా దేశాలలో పర్యటించారు. ఆ ఏడాది సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తగా, నిజాం ప్రభుత్వం ఆయనను ఆహ్వానించింది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను అదుపుచేయాలని 1909లో ఆయన సూచించారు. అనంతరకాలంలో వెలసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలే.

అదే సంవత్సరం ఆయన మైసూరు సంస్థానానికి ప్రధాన ఇంజనీరుగా వచ్చారు. తనకు విద్యార్థివేతనమిచ్చి పంపిన ప్రభుత్వానికి ఋణం తీర్చుకొనే అవకాశం ఆ విధంగా లభించింది. కావేరిపై కన్నంబాడి వద్ద కృష్ణరాజసాగర నిర్మాణం 1911లో ప్రారంభమైంది. 1912 నుంచి 1918 వరకు ఆయన సంస్థానానికి దివానుగా ఉన్నారు. ఆ పదవి స్వీకరించేముందు, బంధువులెవ్వరూ సిఫారసుల కోసం తన వద్దకు రాకూడదని మాట తీసుకున్నారని చెబుతారు.

దివానుగా ఆయన కృషిలో తలమానికమైనది విద్యావ్యాప్తి. ఆయన బాధ్యత స్వీకరించేనాటికి సంస్థానంలో సుమారు 4,500 పాఠశాలలుండగా, ఆరేళ్లలో దాదాపు 6,500 కొత్త పాఠశాలలు చేరాయి. 1913లో హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. తనవలె ఇంజనీరింగు చదవగోరే మైసూరు పిల్లలు పుణె దాకా పోవలసిన అగత్యం దానితో తీరింది.

పావగడ తాలూకా నాడు ఆ సంస్థానంలోనిదే. కృష్ణరాజసాగరపు నీరు మండ్య పొలాలను పచ్చగా చేసింది గాని, వేరుశెనగనూ వానమబ్బునూ నమ్ముకొన్న ఈ మెట్టసీమకు ఆ కాలువ రాలేదు. నీరు పల్లానికే పోతుంది. చదువుకు ఆ నియమం లేదు. ఎంత ఎత్తుకైనా, ఎంత ఎండిన నేలకైనా అది చేరగలదు. కాలువ త్రవ్వలేని చోట సైతం బడి కట్టవచ్చునన్న ఈ సత్యం, మంగళవాడ వంటి గ్రామాలలోని తల్లిదండ్రులకు ఎవరూ ప్రత్యేకించి చెప్పనవసరం లేనిది.

పదవీ విరమణానంతరం 1923 నుంచి 1929 వరకు భద్రావతి ఇనుము కర్మాగారానికి అధ్యక్షత వహించి, నష్టాలలో ఉన్న దానిని నిలబెట్టారు. అందుకు తనకు రావలసిన సొమ్మును తాను వాడుకోక, యువకులకు చేతిపనులు, యంత్రవిద్యలు నేర్పే సంస్థకై కేటాయింపజేశారు. దానికి తన పేరు పెట్టడానికీ ఒప్పుకోలేదు. 1943లో బెంగళూరులో వెలసిన ఆ సంస్థ శ్రీ జయచామరాజేంద్రుని పేర ప్రసిద్ధికెక్కింది. పట్టాలు పొందలేని యువకుడు సైతం ఒక పని చక్కగా నేర్చి తలెత్తుకొని బ్రతకాలన్నదే దాని ఆశయం.

తొంభైయవ పడికి చేరువలో, 1951లో, తన ఉద్యోగ జీవిత స్మృతులను గ్రంథంగా వెలువరించారు. 1955లో భారతరత్న పురస్కారం ఆయనను వరించింది. నూరేళ్లు నిండిన ఆ ధన్యజీవితం 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో ముగిసింది. ఆయన సమాధి ముద్దేనహళ్లిలో, పుట్టిన మట్టిలోనే ఉన్నది.

విశ్వేశ్వరయ్యగారికి దైవదత్తమైన మేధ ఉన్నదని సరిపెట్టుకోవడం సులభం. ఆ మేధకు ఒక మేనమామ అన్నం పెట్టాడు. ఒక కుటుంబం బస ఇచ్చింది. ఒక ప్రభుత్వం విద్యార్థివేతనం ఇచ్చింది. మిగిలినదంతా ఆయన శ్రమ. పొందిన సాయాన్ని ఆయన మరువలేదు. వేలాది బడుల రూపంలో తిరిగి చెల్లించారు. చదువుకొంటున్న పిల్లలు ఆయన శ్రమను ఆదర్శంగా గ్రహించాలి. చదివి స్థిరపడిన పూర్వవిద్యార్థులు ఆయన ఋణవిముక్తిని ఆదర్శంగా గ్రహించాలి. తాను నడిచివచ్చిన బాటలో వెనుక వచ్చే బిడ్డకొక దీపం పెట్టినవాడే చదువుకున్నవాడు.