‘పనోరమా’ కర్త రాబర్ట్ బార్కర్

పదములకు సాధారణముగా జన్మపత్రికలుండవు. ఏ గ్రామమున, ఎవరి నోట, ఏ దినమున ఒక మాట పుట్టినదో చెప్పగలుగుట అరుదు. ‘పనోరమా’ యను మాట విషయము వేఱు. దానికి పుట్టిన కాలము కలదు, పుట్టిన ఊరు కలదు, కనిపెంచిన ఒక మనుష్యుడును కలడు. కొండకొమ్మున నిలిచి చూచిన లోయను, మేడమీదినుండి కానవచ్చు నగరమును, ఒక యుగపు సాహిత్యమును కలయజూచు గ్రంథమును గూడ నేడీ మాటతోనే పిలుచుచున్నారు. మన దేశమున జరుగు అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో భారతీయ చిత్రముల విభాగమునకు 1978 నుండి ‘ఇండియన్ పనోరమా’ యనియే పేరు. ఇన్ని అర్థములను సంతరించుకొన్న యీ పదము మొదట ఒక ప్రదర్శనశాల ప్రకటనలోని పేరు మాత్రమే. ఆ ప్రదర్శనశాలకు యజమాని రాబర్ట్ బార్కర్.

బార్కర్ 1739లో ఐర్లండు దేశమునందలి మీత్ మండలములో కెల్స్ అను పట్టణమున జన్మించెను. యౌవనమున డబ్లిన్ నగరమున వ్యాపారము సాగింప యత్నించి నష్టపోయెను. పిమ్మట కుంచెను నమ్ముకొనెను. మనుష్యుల రూపములను, చిన్న పలకలమీద ముఖచిత్రములను వ్రాయుచు స్కాట్లండు చేరెను. 1774లో అతని కుమారుడు హెన్రీ ఆస్టన్ గ్లాస్గోలో పుట్టెను. తరువాత కుటుంబము ఎడింబరోలో స్థిరపడెను. అచ్చట బార్కర్ ముఖచిత్రములు వ్రాయుటయే గాక, దూరమునకు పోనుపోను వస్తువులు చిన్నవిగా కనబడు తీరును చిత్రమున చూపు విద్యను శిష్యులకు నేర్పుచుండెను. నలువది యేండ్లు దాటువఱకును అతని జీవితమున చెప్పుకొనదగిన దింతకంటె లేదు. అట్టి చిత్రకారులు ఆనాడు ప్రతి పట్టణమునను పదిమంది యుండిరి.

ఎడింబరో నగరమధ్యమున కాల్టన్ కొండ యున్నది. దానిమీద నిలిచినవానికి ఒకవైపు సముద్రపుపాయ, ఒకవైపు కోట, మఱియొకవైపు రాజభవనము, నడుమ ఇండ్ల కప్పులు కనబడును. ఒకనా డచ్చట నడచుచుండగా బార్కర్ మనస్సున ఒక ప్రశ్న మెదలినదని చెప్పుదురు. చిత్రమునకు చట్రమేల? కంటికి లేని హద్దు కాన్వాసునకు మాత్ర మెందులకు? మనుష్యుడు కొండమీద నిలిచి చుట్టును తిరిగి చూచునట్లు చిత్రమును గూడ చూడరాదా? ఇదియే అతని ఊహ. అప్పులపాలై చెఱసాలలో నుండగా, గోడకానించి పట్టుకొన్న ఉత్తరముమీద పైనుండి వెలుతురుపడి అక్షరములు వింతగా మెఱసెననియు, దానినుండి యీ యుపాయము స్ఫురించెననియు మఱియొక కథ ప్రచారమున నున్నది. పైవెలుతురునకు ఈ కళలో గల ప్రాధాన్యమును చూచి ఎవరో తరువాత అల్లిన కథవలె నది తోచును.

ఊహ తండ్రిదేగాని ఎండవానలలో పని కుమారునిది. అప్పటికి హెన్రీకి పండ్రెండు పదమూడేండ్లకంటె మించవు. కొండమీద ఒకేచోట స్థిరముగా నిలిపి, ఒక్కొక్క భాగమునకు త్రిప్పుచు చూచుటకు వీలైన చట్రమును తండ్రి అమర్చి యిచ్చెను. చట్రములో కనబడిన భాగమును బాలుడు గీసికొని, దానిని కొంత త్రిప్పి తరువాతి భాగమును గీయుచు, నలుదిక్కులను చుట్టివచ్చెను. ఆ గీతలను పెద్ద కాన్వాసుమీదికి ఎక్కించునప్పుడు అసలు చిక్కు వచ్చెను. తిన్నగా నుండు వీధిని చదునైన బట్టమీద తిన్నని గీతతో చూపవచ్చును. ఆ బట్టనే వంచి వలయముగా నిలిపినచో, నడుమ నిలిచిన వానికి అదే గీత వంకరగా కనబడును. కావున కంటికి తిన్నగా కనబడుటకు గీతను కాన్వాసుమీద వంకరగానే వ్రాయవలెను. ఈ వంకరల లెక్కను సాధించుటయే బార్కర్ చేసిన ఘనకార్యము. హోలీరూడ్ రాజభవనములోని కావలివారి గదిలో ఆ తొలి చిత్రము తయారయ్యెను.

1787 జూన్ 19న అతనికి పదునాలుగేండ్ల పేటెంటు లభించెను. అందు తన కల్పనకు అతడు పెట్టుకొన్న పేరు పనోరమా కాదు. ప్రకృతి ఒక్క చూపులో అను అర్థమిచ్చు ఫ్రెంచి మాటలను పేర్చి ‘లా నాత్యూర్ ఆ కూ దేయ్’ అని పిలిచెను. నాలుక తిరుగని యా పేరు ఆంగ్లేయుల వీధులలో నిలుచుట కల్ల. ఆ పత్రమున గొప్పదనము పేరులో లేదు, వివరణలో నున్నది. భవనము గుండ్రముగా నుండవలెను. వెలుతురు పైనుండి మాత్రమే రావలెను. చూచువారు నడుమనున్న వేదికమీదనే నిలువవలెను, చిత్రమును సమీపింపరాదు. వారి తలలపై నొక పందిరి యుండి చిత్రపు పైయంచును కప్పవలెను. వేదికచుట్టు నున్న అడ్డుగట్టు క్రిందియంచును మఱుగుపఱుపవలెను. రాకపోకల ద్వారము క్రిందినుండి యుండవలెను. అంచులు కనబడనప్పుడు ఇది చిత్రమని కంటికి చెప్పున దేదియు నుండదు. మన తోలుబొమ్మలాటలో దీపము తెరవెనుక మఱుగుపడి, చూచువారు చీకటిలో నున్నప్పుడే గదా బొమ్మకు ప్రాణము వచ్చునది! వెలుతురును దాచిపెట్టుటలోని కిటుకు రెండుచోట్లను ఒక్కటియే.

1788లో ఎడింబరోలో జరిగిన ప్రదర్శనము ప్రజలను ఆకర్షించెను. ఇంట గెలిచితి ననుకొని మఱుసటి యేడు బార్కర్ ఆ చిత్రమును లండనునకు కొనిపోయెను. రచ్చ గెలుచుట అంత సులభము కాలేదు. హేమార్కెట్ వీధిలో పెట్టిన ఆ ప్రదర్శనమును లండను నగరము పెద్దగా పట్టించుకొనలేదు. ఎక్కడనో ఉత్తరమున నున్న ఊరు వారికేల? ఆనాటి చిత్రకారులలో అగ్రగణ్యుడైన సర్ జాషువా రెనాల్డ్స్ ఇది జరుగునది కాదని మొదటనే చెప్పియుండెను.

బార్కర్ నిరాశతో తిరిగి పోలేదు. లండను ప్రజలకు లండనునే చూపవలెనని నిశ్చయించెను. థేమ్స్ నదియొడ్డున బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన చెంత ఆల్బియన్ మిల్లు అను పెద్ద పిండిమర యుండెను. ఆవిరియంత్రములతో నడచు ఆ మర ఆనాటి వింతలలో నొకటి. దాని కప్పుమీదికెక్కి హెన్రీ నగరమును గీసెను. 1791 మార్చిలో ఆ మర అగ్నికి ఆహుతియయ్యెను. కొన్ని నెలల పిమ్మట కాసిల్ వీధిలో చిత్రము ప్రదర్శనకు వచ్చెను. చూడవచ్చినవారు నిలిచినది లోకమున లేని మేడ కప్పుమీద! కాలిపోయిన గోడలు కొంత దూరముననే యుండగా, ఆ మేడమీదినుండి కనబడిన నగరము మాత్రము చెక్కుచెదరక వారి యెదుట నిలిచెను. ఈ చిత్రము పూర్తి వలయము కాదు, అయినను జనము విరుగబడిరి. వృద్ధుడైన రెనాల్డ్స్ ఇంటిదుస్తులతోనే వచ్చి చూచి, తన పూర్వాభిప్రాయమును మార్చుకొని మెచ్చుకొనెనని చెప్పుదురు. తాను తప్పుపడితినని ఒప్పుకొనుటకు వచ్చిన ఆ పెద్దమనిషి 1792 ఫిబ్రవరిలో కన్నుమూసెను.

‘పనోరమా’ యను మాట లోకమునకు వినబడినది ఈ సందర్భముననే. 1791–92 సంవత్సరముల ప్రకటనలలో పాత ఫ్రెంచి పేరు పోయి దీని కెడమిచ్చెను. గ్రీకు భాషలో ‘పాన్’ అనగా సమస్తము, ‘హోరామా’ అనగా కనబడునది, దృశ్యము. రెండును కలియగా సర్వదృశ్య మని యర్థము. బార్కర్ గ్రీకు పండితుడు కాడు. ఆ భాష తెలిసిన మిత్రు డెవడో ఈ పేరు సూచించెనని ప్రతీతి. గ్రీకులకు ఇట్టి సమాస మవసరము పడలేదు. ప్రాచీన ధాతువులతో ఆధునికులు చేసికొన్న మాట యిది. మన చెవికి చివరి ‘రమా’ శబ్దము లక్ష్మిని తోపింపజేయును. ఐరోపావారును దానిని అచ్చటనే విఱిచి, అదియే ప్రత్యయమని భావించి, 1822లో పారిస్‌లో ‘డయోరమా’ను, 1952లో అమెరికాలో ‘సినీరమా’ను పుట్టించిరి. గ్రీకు వ్యాకరణము ప్రకారము ఆ విఱుపు తప్పు. వ్యవహారము వ్యాకరణము ననుమతి యడుగదు.

తెలుగున దీనికి విహంగవీక్షణ మనియు, సింహావలోకన మనియు వ్రాయుట కలదు. విహంగము పైనుండి క్రిందికి చూచును. సింహము తాను నడచివచ్చిన దారిని వెనుదిరిగి చూచును. బార్కర్ చిత్రమున మనుష్యుడు నడుమ నిలిచి తన చుట్టును చూచుకొనును. మన పాతమాటలలో ‘కలయజూచుట’యే దీనికి మిక్కిలి దగ్గఱ.

కొందఱు పెట్టుబడి సమకూర్పగా లెస్టర్ స్క్వేర్ ప్రాంతమున రాబర్ట్ మిచెల్ అను వాస్తుశిల్పి గుండ్రని భవనమును నిర్మించెను. 1793లో అది తెఱవబడెను. సుమారు 90 అడుగుల వ్యాసముగల పెద్దవలయము క్రింద, చిన్నవలయము పైన. వీధిలోని వెలుగునుండి వచ్చినవారు చీకటినడవలో కొంతసేపు నడచి, మెట్లెక్కి వేదిక చేరుదురు. చీకటికి అలవడిన కన్నులకు చిత్రము పట్టపగలువలె తోచును. తొలుత చూపినది స్పిట్‌హెడ్ రేవునందు నిలిచిన ఆంగ్లేయ నౌకాదళము. వేదికను ఓడపైభాగమువలె అలంకరించిరి. దానిని చూచి షార్లట్ రాణికి కడుపులో త్రిప్పినదని ఒక కథ. ఓడ కదలలేదు, నీరు లేదు. కథలో కొంత అతిశయోక్తి యున్నను, ప్రకటనకు అంతకంటె మంచి మాట దొరకదు.

ఆ పిమ్మట బార్కర్‌కు డబ్బునకు కొదువ లేదు. 1798లో నైలునదీ ముఖమున నెల్సన్ సాధించిన నౌకావిజయమును మఱుసటి యేడే వలయచిత్రముగా చూపిరి. తరువాత హెన్రీ ఇటలీ ప్రాంతమున నెల్సన్‌ను కలిసికొన్నప్పుడు, తన కీర్తిని ఒక సంవత్సరము అధికముగా నిలిపినందులకు ఆ సేనాని కృతజ్ఞత చెప్పెనట. వార్తాపత్రికలో చదివిన యుద్ధమును కన్నులతో చూచితి మను తృప్తి ఆ జనులకు ఒక షిల్లింగుతో దొరకెను. మన దేశపు సంగతులును ఆ నగరమున ఇట్లే బట్టమీది కెక్కెను. 1799లో శ్రీరంగపట్టణము పడి టిప్పు సుల్తాను మరణింపగా, మఱుసటి యేడే రాబర్ట్ కెర్ పోర్టర్ అను యువకుడు ఆ ముట్టడిని 120 అడుగుల చిత్రముగా వ్రాసి లండనులో ప్రదర్శించెను. విజేతల కంటితో చూచిన చూపు అది. నలుదిక్కులను చూపెద మనువారును తాము నిలిచిన చోటినుండియే చూపగలరు గదా!

అమెరికావాడైన ఫుల్టన్, పొగయోడతో పేరు గాంచకముందు, 1799లో ఈ కళను పారిస్‌నకు కొనిపోయెను. 1801లో బార్కర్ పేటెంటు గడువు తీఱెను. తరువాత స్పర్ధ ఇంటిలోనుండియే పుట్టెను. పెద్దకుమారుడు థామస్ ఎడ్వర్డ్, రైనాగల్ అను చిత్రకారునితో చేరి, స్ట్రాండ్ వీధిలో పోటీ పనోరమాను తెఱచెను. తండ్రి దీని నెట్లు సహించెనో ఊహింపవలసినదే. రాబర్ట్ బార్కర్ 1806 ఏప్రిల్ 8న లండనులో మరణించెను. కాల్టన్ కొండమీద చట్రము త్రిప్పిన హెన్రీయే వ్యాపారమునకు వారసు డయ్యెను. అతని తరువాత అది బర్‌ఫర్డ్ కుటుంబము చేతికి వచ్చెను. వారు 1830లో కలకత్తాను, 1858లో ఢిల్లీని అదే వలయమున చూపిరి.

బార్కర్ వ్రాసిన ఆ మహాచిత్రములలో నేడు ఒక్కటియు మిగులలేదు. తొలి లండను చిత్రపు రూపము మాత్రము హెన్రీ గీతలనుండి తీసి అచ్చువేసిన ఆఱు పలకల ముద్రణవలన తెలియుచున్నది. 1860 తరువాత లెస్టర్ స్క్వేర్ భవనము మూతపడెను. ఫ్రెంచి కతోలికులు దానిని కొని దేవాలయముగా మార్చిరి. 1940లో బాంబుదాడికి దెబ్బతిన్న ఆ దేవాలయమును యుద్ధానంతరము తిరిగి కట్టినప్పుడును గుండ్రని ఆకృతిని విడువలేదు. ఒకప్పుడు జనము చుట్టును తిరిగి నగరములను చూచిన చోట నేడు ఆరాధకులు ఒకే దిక్కునకు ముఖము త్రిప్పి కూర్చుండుచున్నారు.