జీవకణం గడపలో యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. రెవెన్యూ శాఖలో చిరుద్యోగి అయిన తండ్రి అనారోగ్యం వల్ల ముందుగానే కొలువు మానుకోవలసి వచ్చింది. ఏడుగురు సంతానంలో నాలుగవవాడైన సుబ్బారావుకు బాల్యంలో చదువుపై మనసు నిలవలేదు. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుణ్ణి కావాలన్న ఆలోచనతో పదమూడవ ఏట ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి ఊరుకోలేదు. వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుంచి మూడవసారి గట్టెక్కారు. జీవకణంలోని శక్తి రహస్యాన్ని లోకానికి తెలిపినవారిలో ఒకరి విద్యాభ్యాసం ఇలా తప్పటడుగులతో మొదలైంది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయనకు రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనిపించింది. తల్లి అందుకు అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడమూ సన్యాసం వంటిదేనని భావించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ధనసహాయం చేశారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతులకు వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. దాని ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఆ కాలంలో ఇంట్లో జరిగిన విషాదం. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలోనే స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. మన వైద్యులు సంగ్రహణి అనే వ్యాధికి దగ్గరి లక్షణాలు గలది ఇది. దీని స్వభావం విచిత్రమైనది. రోగి అన్నం తింటాడు. కాని ఆ అన్నం ఒంటికి పట్టదు. చిన్న ప్రేగు లోపలి పొరలో వేళ్ళవలె నిలిచి ఉండే ఆంత్రచూషకాలు కుంచించుకుపోతాయి. వాటిమీది కణాలు పోషకాలను లోపలికి తీసుకొనే శక్తిని కోల్పోతాయి. ఆహారం కణపు గడప దాకా వచ్చి, లోపలికి ప్రవేశించకుండానే బయటికి పోతుంది. కడుపు నిండా తింటూనే మనిషి ఎండిపోతాడు, రక్తం పలుచబడుతుంది. వైద్యం చదివి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన బాధ సుబ్బారావును నిలువనీయలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సహాయంతో ఆయన 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన తిరిగి వస్తారని ఆమె ఎదురుచూశారు. ఆయన మాత్రం మళ్ళీ స్వదేశానికి రాలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విద్య అభ్యసిస్తూనే పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరారు. డిప్లొమా పొందిన పిమ్మట సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు. రక్తంలోను, కణజాలంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరూ రూపొందించి 1925లో ప్రకటించారు. భాస్వరం ఎంత ఉంటే అంత గాఢంగా నీలిరంగు తేలుతుంది. ఆ రంగును బట్టి పరిమాణం తెలుస్తుంది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరుపొందిన ఈ విధానం తరతరాల విద్యార్థులకు ప్రయోగశాల పాఠమైంది.

చేతికి మంచి కొలబద్ద చిక్కితే కంటికి కనిపించనివీ కనిపిస్తాయి. కండరంలోని భాస్వరాన్ని కొలుస్తుండగా, అంతవరకు లెక్కకు రాని పదార్థాలు వారికి ఎదురుపడ్డాయి. మొదటిది ఫాస్ఫోక్రియేటిన్, 1927లో దానిని గురించి ప్రకటించారు. రెండవది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఇదే పదార్థాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. రెండు ప్రకటనలూ 1929లోనే వెలువడ్డాయి. గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి మూలమని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం. ఆ పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫాస్ఫేట్ బంధాలలో దాగిన శక్తి వెలుగులోకి రావడంతో ఆ సిద్ధాంతం సవరణకు గురి అయింది.

ఏటీపీతో కండరం కదలడమే కాదు, కణంలోనికి రాకపోకలు కూడా చాలావరకు దానిమీదే ఆధారపడి ఉన్నాయి. జీవకణం చుట్టూ కొవ్వు పదార్థంతో నిర్మితమైన పలుచని త్వచం ఉంటుంది. ఆక్సిజన్, కార్బన్ డైఆక్సైడ్ వంటివి ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటికి ఆ త్వచం గుండా వాటంతట అవే విసరణ చెందుతాయి. నీరు ద్రవాభిసరణం ద్వారా కదులుతుంది. వీటికి కణం శక్తిని వెచ్చించనక్కరలేదు. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలోని కొండగట్టును చూసినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. గట్టుమీద కురిసిన వాన ఎవరూ తోయకుండానే పల్లానికి పారుతుంది. అంజన్న దర్శనానికి మెట్లెక్కే భక్తుడు మాత్రం అడుగడుగునా తన బలాన్ని ఖర్చు చేయాలి. తక్కువ ఉన్న చోటినుంచి ఎక్కువ ఉన్న చోటికి పదార్థాన్ని చేర్చడం ఇటువంటి ఎగుడు ప్రయాణమే. దీనినే సక్రియా రవాణా అంటారు. ఈ ప్రయాణానికి కావలసిన బలాన్ని చాలా సందర్భాలలో ఏటీపీ సమకూరుస్తుంది.

ఈ పని చేసే యంత్రం సుబ్బారావు బ్రతికి ఉన్న రోజులలో తెలియలేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో పీత నాడులను పరీక్షిస్తూ త్వచంలో ఏటీపీని విడగొట్టే ఎంజైమును గుర్తించాడు. అదే సోడియం–పొటాషియం పంపు. ఒక్కొక్క ఏటీపీ అణువును వెచ్చించి మూడు సోడియం అయాన్లను వెలుపలికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. మనిషి ఊరకే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా ఈ పంపులకే పోతుందని అంచనా. ప్రేగు కణాలు గ్లూకోజును లోపలికి లాగుకోవడం కూడా ఈ పంపు ఏర్పరచే సోడియం వాలును ఆసరా చేసుకొనే. స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

సుబ్బారావు 1930లో పిహెచ్.డి. పట్టా పొందారు. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వత అధ్యాపక పదవిని ఇవ్వలేదు. ఇంత చేసినవానికి జరిగిన ఆ అన్యాయం గుర్తుంచుకోదగినదే. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. రెండేళ్ళలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఒత్తిళ్ళ నడుమ కూడా తోబుట్టువులను బలిగొన్న వ్యాధి ఆయన మనసునుంచి చెదరలేదు.

ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, బొంబాయిలోని గర్భిణీ కార్మిక స్త్రీలలో కనిపించే ఒకరకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులోని పదార్థం ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దానిని శుద్ధరూపంలో పొందడం కష్టసాధ్యమైంది. సుబ్బారావు నేతృత్వంలోని రసాయనిక శాస్త్రజ్ఞుల బృందం దాని నిర్మాణాన్ని కనుగొని, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. కణం విభజన చెందడానికి ముందు డీఎన్ఏను తయారు చేసుకోవాలంటే ఫోలేటు అవసరం. కొద్దిరోజులకొకసారి కొత్తగా పుట్టవలసిన ప్రేగు కణాలకు దాని అవసరం మరీ ఎక్కువ. ఫోలేటు కొరవడితే ప్రేగు దెబ్బతింటుంది. ప్రేగు దెబ్బతింటే ఫోలేటు లోపలికి రాదు. స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లాన్ని ఇచ్చినప్పుడు ఈ విషవలయం తెగి వారు కోలుకోసాగారు. అన్నదమ్ముల మరణానికి అది ఇరవై ఏళ్ళకు పైగా ఆలస్యంగా వచ్చిన మందు.

ఆ పరిశోధన అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో పిల్లల రక్తక్యాన్సర్‌కు చికిత్స చేస్తున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత విజృంభిస్తున్నట్లు గమనించాడు. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థం కావాలి. లెడర్లీ ప్రయోగశాలలు అటువంటి అమినోప్టెరిన్‌ను తయారుచేసి పంపాయి. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. వ్యాధి మళ్ళీ తిరగబెట్టింది. అయినా రక్తక్యాన్సర్‌ను మందుతో వెనుకకు నెట్టవచ్చునని మొదటిసారి రుజువైంది. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

ఈ మందు కణంలోనికి ఎలా వెళుతుందో తరువాతి పరిశోధకులు తేల్చారు. ఫోలేటును లోపలికి చేరవేసే వాహక ప్రోటీన్ కణత్వచంలో ఉంది. మెథోట్రెక్సేట్ రూపంలో ఫోలేటును పోలి ఉండడం వల్ల ఆ వాహకమే దానిని కూడా లోపలికి చేరుస్తుంది. లోపల దానికి గ్లూటామిక్ ఆమ్లపు గొలుసు తగులుకొంటుంది. ఆపైన వెనుకకు దాటడం కష్టమవుతుంది. కొన్ని క్యాన్సర్ కణాలు ఆ వాహకాలను తగ్గించుకొని మందుకు లొంగకుండా తప్పించుకుంటాయి. అందువల్ల వాహక ప్రోటీన్ల అధ్యయనం వైద్యులకు ముఖ్యమైంది.

బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా లెడర్లీ నుంచి వెలువడినదే. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్, బెంజమిన్ డగ్గర్ ద్వారా సుబ్బారావు విభాగంలోనే వెలుగు చూసి 1948లో లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. తన పరిశోధనల ఘనతను ఇతరులకు వదిలిపెట్టే స్వభావం వల్ల ఆయన పేరు స్వదేశంలో కూడా చాలాకాలం ఎక్కువమందికి తెలియలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలాబిళ్ళను విడుదల చేసింది. ఉష్ణమండల స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులు సాధారణంగా ఫోలిక్ ఆమ్లాన్ని, టెట్రాసైక్లిన్‌ను కలిపి కొన్ని నెలలపాటు ఇస్తారు. ఫోలిక్ ఆమ్లం తయారీ సాధ్యమైనది, టెట్రాసైక్లిన్ జాతికి మొదటి మందు పుట్టినది ఆయన నడిపిన ప్రయోగశాలలలోనే.