దీవుల కాపరి బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారు

మారుమూల జనులకు సువార్తను చేర్చుటకు దేవుడు ఆయా కాలములలో ఆయా వాహనములను వాడుకొనెను. 1945లో, యుద్ధవిమానములను నడిపిన కొందరు విశ్వాసులు అమెరికాలో మిషనెరీ విమాన సంస్థ నొకదానిని స్థాపించిరి. దారిలేని అడవులకు చిన్న విమానములలో మందులను, ఉత్తరములను, బోధకులను చేర్చుటయే దాని పని. ఈక్వడారు అడవులలో అట్టి విమానమును నడుపుచు, దాని మరమ్మతులను తన చేతులతోనే చేసికొనిన నేట్ సెయింట్ 1956 జనవరిలో నలుగురు సహచరులతో కూడ హతసాక్షి యాయెను.

మన దేశములోని నికోబారు దీవులలో మాత్రము కథ వేరు. అక్కడ విమానము మొదట సువార్తను గాక మరణమును తెచ్చెను. సువార్తను మోసినవి పడవలు. అక్కడ కాపరియై నిలిచినవాడు ఆ దీవి బిడ్డయే.

కార్ నికోబారు దీవి, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిరునకు దక్షిణమున సుమారు 270 కిలోమీటర్ల దూరమున నున్నది. నడుమ పది డిగ్రీల కాలువ యను విశాలమైన సముద్రభాగము కలదు. నైరుతి ఋతుపవనములు వీచునపుడు ఆ దారి మిక్కిలి కఠినము. ఒకే చెట్టుమొద్దును తొలిచి, ఒరిగిపోకుండునట్లు ప్రక్కన తేలికైన దూలమును కట్టిన హోడి యను పడవయే దీవివాసుల వాహనము. ఆ కట్లు సడలినయెడల పడవలోని వారందరికిని అపాయమే. 1768లో మొరేవియన్ మిషనెరీలు నాన్‌కౌరి దీవిలో పని ప్రారంభించిరి గాని, జ్వరములచేత అనేకులను కోల్పోయి 1787 నాటికి విరమించుకొనిరి. వారు విత్తినది మొలకెత్తలేదని లోకమునకు తోచెను.

ఆ పిమ్మట శతాబ్దము గడచినది. 19వ శతాబ్దపు చివరి దశకమున వేదప్పన్ సాలొమోను అను తమిళ ఉపదేశి కార్ నికోబారులోని మూస్ గ్రామమునకు వచ్చి పాఠశాల నడిపెను. 1884లో ఆ గ్రామముననే జన్మించిన హా చేవ్ కా యను బాలుడు ఆయన శిష్యుడై, జాన్ రిచర్డ్‌సన్ అను పేరు పొందెను. అప్పుడు ఆ దీవులు రంగూను మేత్రాసనమునకు చేరియుండెను గనుక, బాలుని బర్మాలోని మండలేకు చదువునకై పంపిరి. చదువు ముగించిన రిచర్డ్‌సన్ గారు పరదేశమున ఉద్యోగము వెదకుకొనక స్వజనుల యొద్దకు తిరిగివచ్చి, బడిపంతులై బాలురకు అక్షరములతోపాటు ఫుట్‌బాల్ ఆటను సహితము నేర్పిరి. 1934లో ఆయన డీకనుగా అభిషేకింపబడిరి.

ఆయన దీర్ఘకాల పరిశ్రమ లేఖన అనువాదము. లిపిలేని తన భాషను రోమను అక్షరములలో వ్రాయు పని, 1925లో రంగూనులో ముద్రితమైన కార్ నికోబారీ నిఘంటువును కూర్చిన జి. వైట్‌హెడ్ గారి వంటి మిషనెరీలు ఆరంభించినది. అయితే పరదేశి నేర్చుకొనిన మాట వేరు, తల్లి ఒడిలో విన్న మాట వేరు. మంచును, గొఱ్ఱెల మందలను ఎరుగని ద్వీపవాసులకు పాలస్తీనా దేశపు మాటలను అర్థమగునట్లు చెప్పుట సులభము కాదు. ఆ భారమును రిచర్డ్‌సన్ గారు వహించిరి.

1942లో జపాను సేన దీవుల నాక్రమించెను. విమానముల కొరకు కార్ నికోబారులో రన్‌వే నిర్మించుటకు దీవివాసులచేత బలవంతముగా వెట్టిచాకిరి చేయించిరి. 1944 అక్టోబరులో బ్రిటీషు విమానములు దీవిపై దాడి చేసెను. శత్రువులకు ఆనవాళ్లిచ్చుచున్నారని దీవివాసులపై అనుమానము పెరిగెను. 1945లో సంఘపు పెద్దలతో సహా అనేకులు బంధింపబడి, చిత్రహింసలకు గురియై చంపబడిరి. రిచర్డ్‌సన్ గారును మరణమునకు నియమింపబడిరి. శిక్ష అమలు జరుగకమునుపే ఆగస్టులో జపాను లొంగిపోవుటచేత ఆయన ప్రాణముతో మిగిలిరి.

తనతో ప్రార్థించినవారు సమాధులలో నుండగా తాను మిగులుట ఆయనకు ఎంతటి భారమో మనము ఊహింపగలము. మిగిలిన ఆయుష్షును ఆయన తనదిగా ఎంచక సంఘమును తిరిగి కట్టుటకు వెచ్చించిరి. శ్రమలలో విడువక నిలిచిన ఆ చిన్న సంఘపు సాక్ష్యమును చూచిన జనులు గ్రామములు గ్రామములుగా ప్రభువు నంగీకరించిరి. కొలది సంవత్సరములలో కార్ నికోబారు దాదాపు అంతయు క్రైస్తవ మాయెను.

1950లో ఆయన కలకత్తా మేత్రాసనపు సహాయ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆ సంవత్సరమే కార్ నికోబారీ భాషలో క్రొత్త నిబంధన వెలువడెను; 1969లో సంపూర్ణ బైబిలు వచ్చెను. 1952లో మొదటి లోక్‌సభకు ఆ దీవుల ప్రతినిధిగా నియమింపబడిరి. 1966లో అండమాన్ నికోబార్ మేత్రాసనమునకు మొదటి బిషప్పు అయిరి. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ బిరుదులు ఆయనను వరించెను. 1978లో ఆయన ప్రభువునందు నిద్రించిరి.

వెట్టిచాకిరితో మొదలైన ఆ విమానస్థలము తరువాత భారత వైమానిక దళపు స్థావర మాయెను. 2004 డిసెంబరు 26న సునామీ ఆ స్థావరమును ముంచి, వైమానిక సిబ్బందిని, వారి కుటుంబములవారిని నూరుమందికి పైగా బలిగొనెను. అయినను మిగిలిన రన్‌వే మీదనే సహాయక విమానములు దిగి, ఆహారమును, మందులను తెచ్చి, గాయపడినవారిని తీసికొనిపోయెను. తండ్రుల కన్నీటితో వేయబడిన బాట మనుమలకు ప్రాణరక్షణ మార్గ మాయెను.

విమానమైనను హోడియైనను స్వతహాగా పరిశుద్ధమైనది కాదు, అపవిత్రమైనదియు కాదు. దానిని ఎవరు, ఎవరి మేలుకొరకు నడుపుదురన్నదే ప్రశ్న. వాహనముల కొరకు, ధనము కొరకు మన సంఘములు ప్రార్థించుట మంచిదే. అయితే చదువుకొని తన ఊరికి తిరిగివచ్చు ఒక్క బిడ్డ కొరకు, తన జనుల మాటలో దేవుని మాటను పలుకు ఒక్క నోటి కొరకు మరి యెక్కువగా ప్రార్థింతము. అట్టివాడు మన యింటినుండియే బయలుదేరవలసి వచ్చినయెడల, అతనిని ఆపకుండు కృపను ప్రభువు మనకు దయచేయును గాక.